ఒత్తు లేని ధైర్యం

తాడిపత్రి బైపాసు పక్కన మౌలాలి షెడ్డు.
సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు
వీపు మీద ఏదన్నా రాయమని
వెనక్కి తిరిగి వరసగా నిలబడేవి.

పదో తరగతి లెక్కల్లో తప్పి
ఇంట్లో మాటలకు తట్టుకోలేక
టర్పెంటైన్ వాసనలోకి పారిపోయినవాణ్ణి నేను.
డబ్బా పట్టుకోవడం నా పని.
కుంచెలు కడగడం నా పని.

ఆయన రాసిన మాటలు ఎన్నని!
"ఏడిస్తే తరగదు దారి, నడిస్తే తరుగుతుంది."
"ఎండ నీకొక్కడికే కాదు."
అక్షరానికింతని లెక్క.
ఎవరికి ఏ మాట పనికొస్తుందో
టైర్లు చూసి చెప్పేవాడు.
అరిగిన టైర్లవాడికి ఆశ కొంచెం లావుగా రాయాలంట.
కొత్త టైర్లవాడికి నిమ్మకాయ బొమ్మ చాలంట.

నా చేతికి మొదటిసారి కుంచె ఇచ్చిన రోజు
వచ్చింది యల్లనూరు ఓబులప్ప లారీ.
ఒకే మాట రాయాల: ధైర్యం.
ఎర్ర రంగు, పసుపు నీడ.
గంటన్నర పట్టింది.
చెమట కంట్లోకి కారితే
భుజంతో తుడుచుకుంటా రాసినాను.
రంగు ఆరకముందే తొందరపడి ఓబులప్ప బండి తీసినాడు.
అది రోడ్డెక్కి మలుపు తిరుగుతుంటే
అప్పుడు కనిపించింది:
దైర్యం.

ద అడుగున ఆ చిన్న గీత లేదు.
గోరంత గీత.

లెక్కలూ రావు, అక్షరాలూ రావు,
ఇంక నేనెందుకని
రంగు డబ్బాల వెనక కూచుని ఏడుస్తుంటే
మౌలాలి బీడీ ముట్టించుకుని
రోడ్డు దిక్కు గడ్డం ఎత్తినాడు.
"ఒత్తు లేదని లారీ నిల్చిందేమప్పా?
పోతాంది సూడు."

అంతే అన్నాడు.
అది ఏ లారీ మీదా రాయలేదు ఆయన.

ఇరవై రెండేళ్లయింది.
ఊళ్లో మొదటి ఫ్లెక్సు మిషను తెచ్చింది నేనే.
షెడ్డు ముందర లారీలు తగ్గింది నా వల్లనే,
ఎవరూ అనకపోయినా నాకు తెలుసు.
షాపు తెరిచిన రోజు ఆయన వచ్చినాడు.
మిషను లోంచి అక్షరాలు బారలు బారలుగా దిగుతుంటే
వేలితో తాకి చూసి
"ఆరేదాకా కాసుకునే పనే లేదు, మేలే" అన్నాడు.
లడ్డు సగం తిని, సగం కాయితంలో చుట్టుకున్నాడు.

మొన్న వైశాఖంలో ఆయనకు కుడి పక్క పడిపోయింది.
ఖాసింబీ గడప దగ్గరే నా చెయ్యి పట్టుకుంది.
"నాలుగు మంచి మాటలు చెప్పిపో నాయనా,
నీ మాటైతే వింటాడు."

మంచి మాటలా?
నా కంప్యూటర్లో పదమూడు వందలున్నాయి.
కోచింగు సెంటర్లకు, జిమ్ములకు, గెలిచినోళ్లకు, ఓడినోళ్లకు.
వెనకాల సూర్యోదయం కావాలంటే సూర్యోదయం,
కొండ కావాలంటే కొండ.
మంచం పక్కన స్టూలు మీద కూచున్నాక
ఒక్కటీ నోట్లోకి రాలేదు.
ఫ్యాను తిరుగుతాంది.
ఆయన చెయ్యి దుప్పటి మీద
ఎవరో మరిచిపోయి పోయిన వస్తువు మాదిరి ఉంది.

మనవరాలి పలక కనిపించింది కిటికీలో.
ఎందుకో తీసి ఆయన ఎడం చేతి కింద పెట్టినాను.
బలపం మూడుసార్లు జారింది.
మూడుసార్లూ నేనే ఏరిచ్చినాను.
నాలుగోసారి పట్టు దొరికింది.

తాబేలు బండ ఎక్కినట్టు
ఒక వంపు, ఇంకో వంపు.
ఖాసింబీ పొయ్యి మీద పాలు మరిచిపోయి నిలబడింది.
చివర సున్నా చుట్టి, ఊపిరి వదిలి
పలక నా దిక్కు తిప్పినాడు.

దైర్యం.

మరిచినాడో, కావాలనే వదిలినాడో,
నేనడగలేదు.
సగం నోటితో నవ్వుతా
ముద్ద ముద్దగా ఏదో అన్నాడు.
ఖాసింబీకి అర్థం కాలేదు.
నాకైంది.

మరుసటి రోజు షాపు తాళాలు పిల్లోడికిచ్చి
పాత కుంచెలు వెతికి, కడిగి,
పొద్దున్నే పోయినాను
డబ్బా పట్టుకోను.